వయ్యారిభామను పూతకు ముందే పీకాలి
సూరత్‌లో ‘గాజర్ ఘాస్’ అంటే కొత్త మొక్కేమీ కాదు, మన వయ్యారిభామే. (ఇంత ముద్దు పేరు దీనికెందుకో!) ఆకు క్యారెట్ ఆకులా చీలి ఉంటుంది, పూలు చిన్నవి, తెల్లనివి. 1955లో పుణెలో కంటపడ్డాక దేశమంతా పాకింది. దీనిలోని పార్థెనిన్ అనే విషం వల్ల తాకినవారికి చర్మంపై దద్దుర్లు, దురద వస్తాయి. పశువులు దీన్ని వదిలి పక్కనున్న గడ్డినే మేస్తాయి. దాంతో బీడంతా దీనికే మిగులుతుంది. మేత దొరక్క తింటే పాలు చేదెక్కుతాయి.

1980లలో మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా పెంకు పురుగు వానాకాలంలో ఆకుల్ని తినేస్తుంది. కానీ తర్వాత మట్టిలోకి దూరి నిద్రపోతుంది. మొక్క ఆగదు, ఒక్కోటి వేల గింజలు రాలుస్తుంది. అందుకే నేల తడిగా ఉన్నప్పుడే, పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని వేరుతో సహా లాగేయాలి. పూశాక పీకితే గింజల్ని మనమే చల్లినట్టు.