ఆఖరి పది మీటర్లు

సూరత్ నగరంలోని అమ్రోలి నుంచి జియోక్యాషింగ్‌కు బయల్దేరేవాళ్ల సంచిలో ఏముండాలి?

2023 మార్చి 21న ఉత్రాణ్ విద్యుత్ కేంద్రంలోని కూలింగ్ టవర్‌ను పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. 85 మీటర్ల ఎత్తున్న ఆ కాంక్రీటు కట్టడం నేలమట్టం కావడానికి 7 సెకన్లు సరిపోయింది. తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి, మోటా వరాఛా వైపు తిరిగేవాళ్లకు దూరం నుంచే కనిపించే గుర్తు అలా పోయింది. పెరిగే ఊళ్లో గుర్తులు నిలవవు. చెట్టు కొట్టేస్తారు, టీ బండి మరో మూలకు మారుతుంది, ఖాళీ జాగాలో అపార్ట్‌మెంటు లేస్తుంది. మారనివి అంకెలు. 21 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం, 72 డిగ్రీల 51 నిమిషాల తూర్పు రేఖాంశం అంటే అమ్రోలి ప్రాంతమే, అక్కడ ఏది కట్టినా, ఏది కూల్చినా.

ఈ అంకెలతో ఆడే ఆటే జియోక్యాషింగ్. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ చెబుతారు. మిగతావాళ్లు ఫోనో జీపీఎస్ పరికరమో పట్టుకుని వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టి వస్తారు. లోపల చిన్న వస్తువులుంటే ఒకటి తీసుకోవచ్చు, దానికి సమానమైనది ఒకటి పెట్టాలి.

ఆట పుట్టిన తేదీ కూడా స్పష్టంగా తెలుసు. అప్పటివరకు పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా కావాలనే తప్పు కలిపేది. దానివల్ల చూపించే చోటు దాదాపు 100 మీటర్ల వరకు అటూ ఇటూ ఉండేది. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్తీని ఆపేయమన్నారు. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర చెట్ల మధ్య ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి, దాని అంకెలను అందరికీ ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ దాన్ని కనిపెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి అలాంటి దాపులు 30 లక్షలకు పైనే ఉన్నాయి.

అయితే కల్తీ పోయినా తప్పు సున్నా కాలేదు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ 5 మీటర్ల లోపు చెప్పగలదు. డబ్బా దాచినవారి ఫోనుకూ అంతే తప్పు ఉంటుంది కాబట్టి రెండు తప్పులూ కలిసి పది మీటర్ల దాకా కావచ్చు. దుకాణాల్లో అమ్మే సరంజామాలో ఎక్కువ భాగం మనల్ని ఆ పది మీటర్ల దగ్గరికి చేర్చడానికే. డబ్బా దొరికేది మాత్రం ఆ పది మీటర్ల లోపల, కళ్లతో, చేతులతో. అందుకే పెట్టే డబ్బులో సగమైనా, పెట్టే శ్రద్ధలో సగానికి మించీ ఆ చివరి మెట్టుకే కేటాయించమంటాను.

ముందు ఫోన్ సంగతి. కొత్తది కొనాల్సిన పనిలేదు. కొనేటట్టయితే మాత్రం కెమెరాల లెక్కతో పాటు ఒక్క వివరం చూడండి: ఎల్1తో పాటు ఎల్5 పౌనఃపున్యాన్ని కూడా అందుకుంటుందా అని. ఎల్1 అంటే 1575.42 మెగాహెర్ట్జ్, ఎల్5 అంటే 1176.45. కోసాడ్ ఆవాస్‌లాంటి ఇళ్ల సముదాయంలో బహుళ అంతస్తుల గోడల మధ్య నిలబడితే ఉపగ్రహ సంకేతం నేరుగా రాదు, గోడకు కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం సెకనులో పది కోట్లవ వంతు ఉన్నా లెక్కలో 3 మీటర్ల తేడా వస్తుంది. రెండు పౌనఃపున్యాలు అందుకునే ఫోన్ ఈ ప్రతిధ్వనిని బాగా వడకట్టగలదు.

మన దేశపు సొంత జీపీఎస్ లాంటి నావిక్ ఉపగ్రహాలు కూడా ఎల్5లో మాట్లాడతాయి. వాటిలో మొదటిది 2013 జులై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది. 2023 మే 29న అక్కడి నుంచే వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం అణు గడియారం ఉంది, ఎల్1 సంకేతం కూడా ఉంది. పాత నావిక్ ఉపగ్రహాల్లో కొన్నింటి గడియారాలు పాడైపోయాయి కనుక నావిక్ ఒక్కదాని మీదే భారం వేయలేం. మంచి ఫోన్లు జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైడూలతో కలిపి దాన్నీ వాడుకుంటాయి. పులికాట్ ఒడ్డున శ్రీహరికోటలో ఎగిరిన ఉపగ్రహం తాపీ ఒడ్డున మన పిల్లల చేతికి దారి చూపడం నాకు చాలా సంతోషమనిపించే విషయం.

ఫోన్ కంటే పెద్ద తప్పులు అంకెలు ఎక్కించేటప్పుడు జరుగుతాయి. ఈ ఆటలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషానికి మూడు దశాంశాలు రాస్తారు. గూగుల్ మ్యాప్ మాత్రం డిగ్రీలకే దశాంశాలు ఇస్తుంది. 21.24 డిగ్రీలంటే 21 డిగ్రీల 14.4 నిమిషాలు. దాన్ని 21 డిగ్రీల 24 నిమిషాలని ఎక్కిస్తే దాదాపు 18 కిలోమీటర్లు ఉత్తరంగా, కిమ్ వైపు వెళ్లిపోతారు. ఈ అక్షాంశం దగ్గర నిమిషంలో వెయ్యో వంతు ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు, తూర్పు పడమరలుగా 1.73 మీటర్లు. మూడో దశాంశంలో ఒకటి అటూ ఇటూ అయితే ఒకటి రెండు అంగల తేడా. మొదటి దశాంశంలో అయితే 185 మీటర్లు, అంటే వీధి మారిపోతుంది. అంకెలను పిల్లల చేత పైకి చదివించి ఇంకొకరు సరిచూడటం మంచి పద్ధతి.

జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, అది ఉపగ్రహాలను వినడమే తప్ప మాట్లాడదు. పటాన్ని ముందే దింపుకుంటే డేటా లేకపోయినా పని నడుస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఓస్మ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ ఇందుకు బాగుంటాయి. ఆట కోసం అధికారిక యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో సీ:జియో అనే ఉచిత యాప్ ఉంది. తెర వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తొందరగా అయిపోతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు కొన్నా, వోల్టేజీ మార్పులో పోయేది పోగా ఫోనుకు చేరేది 6,000 చిల్లర. ఒక పూట తిరుగుడుకు అది చాలు. మే నెల ఎండలో దాన్ని స్కూటర్ డిక్కీలో వదిలేయకండి. లిథియం బ్యాటరీకి వేడి ప్రాణాంతకం.

చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరాలు, ఉదాహరణకు గార్మిన్ ఈట్రెక్స్ లాంటివి, ఆట పట్టుబడ్డాక కొనుక్కునేవి. చాలావరకు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి, మధ్యాహ్నపు ఎండలోనూ తెర కనిపిస్తుంది, మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా తట్టుకుంటాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోనక్కర్లేదు.

ఒక్క పరికరం విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలకు, శాటిలైట్ ఫోన్లకు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా తెచ్చుకున్న విదేశీయులను మన విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. అమెరికా నుంచి వచ్చే తమ్ముడో మేనల్లుడో కానుకగా తెస్తానంటే వద్దనండి. సంకేతం అందుకోవడం వేరు, పంపడం వేరు.

దిక్సూచి మీద ఒక మాట. సూరత్‌లో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు, కాబట్టి సవరణ బెడద లేదు. అసలు ఇబ్బంది ఇనుము. వంతెన రెయిలింగ్ పక్కన, పార్క్ చేసిన బైకుల మధ్య, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరుతో సూది తప్పు చూపిస్తుంది. నాలుగడుగులు జరిగి, ఫోన్‌ను గాల్లో 8 అంకెలా తిప్పి, మళ్లీ చూడాలి.

ఇక ఆ పది మీటర్లు.

ఇక్కడ పనికొచ్చే మొదటి వస్తువు కర్ర. మొల ఎత్తు ఉన్న మామూలు కర్ర. ఆకులు జరపడానికి, రాయి ఎత్తి చూడడానికి, కుక్కల ముందు నిలబడడానికి అదే దిక్కు. గుజరాత్‌లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ ఉన్నాయి. కన్నంలోకి చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడడం, కర్రతో కదపడం నియమంగా పెట్టుకోవాలి. పొరపాటున కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ 2007 నుంచి గుజరాత్‌లోనూ అదే నంబరుతో ఉంది.

రెండోది చిన్న అద్దం. పళ్ల డాక్టరు వాడేలాంటి, కాడ ఉన్న అద్దం. బెంచీ అడుగున, గోడ అంచు వెనుక తల దూర్చకుండానే చూడొచ్చు. దానికి తోడు పట్టకారు. వేలెడంత డబ్బాల్లో చుట్టి పెట్టిన కాగితం పట్టకారు లేకుండా బయటికి రాదు, వేలితో లాగితే చిరుగుతుంది. పెన్ను కాదు, పెన్సిలు తీసుకెళ్లండి. తేమ పట్టిన కాగితం మీద ఇంకు అలుక్కుపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది.

చేతి తొడుగులు ఎక్కడైనా మంచివే, సూరత్‌లో జనవరిలో మరీ అవసరం. ఉత్తరాయణం గాలిపటాల తర్వాత వారాల తరబడి చెట్ల కొమ్మలకు, తీగలకు మాంజా వేలాడుతూనే ఉంటుంది. గాజుపొడి పూసిన ఆ దారం వేళ్లను కోస్తుంది, బైకు మీద పోయేవారి గొంతులనే కోస్తుంది. మెడకు గుడ్డ చుట్టుకోవడం, బండికి ముందు వంపు తిరిగిన కమ్మీ బిగించుకోవడం ఇక్కడివాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నదే. కొమ్మల్లో చిక్కుకున్న దారాన్ని కత్తిరించి సంచిలో వేసుకొస్తే పిట్టలకు కూడా మేలు. చిన్న కత్తెర అందుకే.

నది ఒడ్డుకు వెళ్తే వేరే జాగ్రత్త. సింగన్‌పోర్ దగ్గరి ఆనకట్టకు ఎగువన నీళ్లు నిలబడడంతో తాపీలో గుర్రపు డెక్క దట్టంగా పేరుకుంటుంది. పచ్చగా, చదునుగా ఉండి నేలలా కనబడుతుంది. కింద నీళ్లు. కర్ర దిగబడని చోటే అడుగు వేయాలి. వానాకాలంలో సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయ్ డ్యామ్ గేట్లు ఎత్తారని వార్త వస్తే ఒడ్డు వైపు వెళ్లనే వద్దు. 2006 ఆగస్టు వరదలో ఈ ఊరు ఎంత మునిగిందో ఇక్కడి తెలుగు కుటుంబాల్లో పెద్దలకు గుర్తుంటుంది.

వెతకడం కంటే దాచడం బాధ్యతతో కూడిన పని. సూరత్‌లో అయితే దానికి ఒక ప్రత్యేకమైన కారణముంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లు జరిగాక, తర్వాతి రోజుల్లో సూరత్‌లో పేలని బాంబులు 29 దొరికాయి. అందులో చాలావరకు తాపీకి అవతలి ఒడ్డున వరాఛా ప్రాంతంలో. చెట్లకు, హోర్డింగులకు కట్టినవి కూడా ఉన్నాయి. ఒక్కటి కూడా పేలకపోవడం ఊరి అదృష్టం. ఆ రోజులు చూసిన ఊళ్లో చెట్టు తొర్రలో మూత బిగించిన నల్లడబ్బా పెట్టడం ఆట కాదు, జనాన్ని భయపెట్టడం. అమెరికాలో మిలిటరీ తూటాల పెట్టెలను ఈ ఆటకు ఇష్టంగా వాడతారు. ఇక్కడ ఆ ఆలోచనే రానివ్వకూడదు.

కాబట్టి డబ్బా పారదర్శకంగా ఉండాలి. లోపల ఏముందో మూత తీయకుండానే కనిపించాలి. వంటింట్లో వాడే నాలుగు వైపులా క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా నీళ్లనూ ఆపుతుంది. కూల్‌డ్రింక్ సీసాగా ఊదక ముందు పరీక్షనాళికలా ఉండే ప్లాస్టిక్ గొట్టం ఇంకా మంచిది. చిన్నది, గట్టిది, అద్దంలా స్వచ్ఛమైనది. పైన గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్‌లో ఇది ఆట అని, ప్రమాదం లేదని రాసి అతికించండి. లోపల సిలికా జెల్ పొట్లం వేయండి. తినేవి పెట్టకండి, చీమలూ ఎలుకలూ వెంటనే వస్తాయి. మగ్గాల మీద పనిచేసే ఇళ్లలో ఖాళీ కండెలకు కొదవ ఉండదు. అట్టతో చేసినవి వానకు నానిపోతాయి కాబట్టి వాటిని డబ్బాగా కాక, కాగితం చుట్టుకునే ఇరుసుగా గొట్టం లోపల వాడుకోవచ్చు. లింబాయత్, ఉధ్నాల్లోని మన తెలుగు నేత కుటుంబాల పిల్లలు చేస్తే ఆ డబ్బాకు ఊరి ముద్ర కూడా పడుతుంది.

అన్నిటికంటే ముందు అనుమతి. హౌసింగ్ సొసైటీ అయితే కార్యదర్శిని, తోట అయితే కార్పొరేషన్ వాళ్లను అడగాలి. ఉత్రాణ్, కోసాడ్ స్టేషన్ల పట్టాల పక్కకు, వంతెనల కిందకు, గుడి మసీదుల గోడల దగ్గరకు పోకూడదు. రైలు పట్టాల మీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. నేలను తవ్వకూడదు. రెండు దాపుల మధ్య కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలన్నది ఆట నియమం. వెతికేటప్పుడు ఎవరైనా "శుం శోధో ఛో?" అని అడిగితే దాచకుండా ఫోన్ చూపించి చెప్పండి. ఏం వెతుకుతున్నారని అడగడం వాళ్ల హక్కు. సమాధానం గుజరాతీలో రెండు ముక్కలు నేర్చుకుని వెళ్లడం నా దృష్టిలో ఏ పరికరానికీ తీసిపోదు.

డబ్బా పెట్టే వీలే లేని చోటికి ఎర్త్‌క్యాష్ ఉంది. అమెరికా భూవిజ్ఞాన సంఘం 2004లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. డబ్బా ఉండదు, అంకెలు మాత్రమే ఉంటాయి. అక్కడికి వెళ్లి నేలనో రాయినో నదినో గమనించి ప్రశ్నలకు జవాబులు పంపాలి. దీనికి కావలసిన సరంజామా ఒక కొలత టేపు, ఒక భూతద్దం, ఒక నోట్‌బుక్కు. ఒండ్రు పొరలు కోసుకుపోయిన తాపీ గట్టు ఇందుకు అచ్చంగా సరిపోతుంది. గట్టు అంచు మీద నిలబడకుండా, కాస్త దూరం నుంచి, ఏ పొర ఇసుక, ఏ పొర బంకమన్ను, ఎంత మందం అని పిల్లల చేత రాయించవచ్చు. ఎవరికీ భయం కలగదు, ఎక్కడా చెత్త మిగలదు. అమ్రోలి నుంచి మొదటిసారి బయల్దేరే కుటుంబానికి నేను దీన్నే ముందు చెబుతాను. వానలు వెనక్కి తగ్గి, నేల ఆరి, పొద్దున చల్లగా ఉండే నవంబరు చివరి వారాల్లో, మంచినీళ్ల సీసాలు నింపుకుని, టోపీలు పెట్టుకుని వెళ్లండి.