ఇచ్చివేసిన బండి, మిగిలిపోయిన బాకీ

మార్కాపురం పలక ఒకప్పుడు తెలుగుదేశంలో బడిపిల్లల చంకలో ఉండే వస్తువు. ఆ రాయిని గనుల నుండి మిల్లులకు, మిల్లుల నుండి లారీ షెడ్లకు చేరవేసే చిన్న బండ్లు నేటికీ ఆ ప్రాంతపు బాటలపై దుమ్ము రేపుతూనే ఉన్నవి. కంభం, గిద్దలూరు వైపు సాగితే మిరప టిక్కీలు మోసే ట్రాక్టర్లు, మనుషులను మోసే ఆటోలు ఎదురవుతవి. వీటిలో అనేకం కంతులపై తీసుకున్నవే. కంతులు కట్టే మనిషి ఉన్నంతకాలం బండి ఇంటికి అన్నం పెడుతుంది. ఆ మనిషి హఠాత్తుగా పోతే ఆ బండి ఎవరిది, ఆ బాకీ ఎవరిది అన్న ప్రశ్న పుట్టుతుంది.

మా పెదనాన్నగారి కుమారుడు ఒకరు గిద్దలూరు సమీపాన ఇటువంటి చిన్న లారీ నడిపేవారు. 48 కంతులలో 29 చెల్లించిన పిమ్మట ఆయన గుండె ఆగి మరణించారు. కర్మాంతరాలు ముగిసిన మరునాడే వారి అబ్బాయి బండిని తోలుకొనిపోయి, కొన్న షోరూము ఆవరణలో నిలిపి, తాళాలు మేనేజరు బల్లపై పెట్టి, “అయ్యా, మేమిక కట్టలేము, మీ బండి మీరు తీసుకోండి” అని చెప్పి బస్సెక్కి వచ్చాడు. వారు “అట్లాగే బాబూ” అన్నారు. కాగితం అడగాలని అబ్బాయికి తోచలేదు. ఇవ్వాలని వారికీ తోచలేదు.

రెండు నెలలకు ఫైనాన్సు వారి నోటీసు వచ్చినది: బకాయి కంతులు, వాటిపై అపరాధ రుసుము, దానిపై వడ్డీ. అబ్బాయి పరుగున పోయి విచారించగా వారు, “బండి మా వద్దకు రాలేదు గదా” అన్నారు. షోరూము వారు, “మేము అమ్మినవారమే గాని అప్పిచ్చినవారము కాము” అన్నారు. బండి మాత్రం ఆవరణ మూల ఎండకు ఎండుతున్నది. బ్యాటరీ లేదు, స్టెప్నీ లేదు.

షోరూము వారి మాట వినుటకు కటువుగా ఉన్నా పూర్తిగా తప్పు కాదు. కొనేనాడు ఒకే బల్ల ముందు కూర్చొని అన్ని సంతకాలూ పెట్టుట వలన మనకు అందరూ ఒకటే అనిపిస్తారు. కాని అక్కడ జరిగినవి రెండు ఒప్పందాలు. బండి అమ్మకం డీలరుతో ముగిసిపోయినది. అప్పు ఫైనాన్సు సంస్థతో మొదలైనది. బండిని అప్పగించవలసినది అప్పిచ్చిన వారికి, లేదా వారు వ్రాతమూలకంగా నియమించిన వారికి మాత్రమే.

ఇక ఆ ఒప్పందం ఏ జాతిదో చూడవలె. అద్దె-కొనుగోలు, అనగా హైర్ పర్చేజ్ అయితే, చివరి కంతు కట్టే వరకు బండికి యజమాని ఫైనాన్సు సంస్థయే. 2020లో సుప్రీంకోర్టు ఈ మాటనే మరల చెప్పినది. హైపోతికేషన్ అయితే బండి మనదే, అప్పుకు తాకట్టుగా ఉంటుంది. లీజు అయితే గడువు తీరినా దానంతట అది మన సొత్తు కాదు. ఏదైనా సరే, ఆ సంగతి సీ బుక్కులో నమోదై ఉంటుంది. వింత ఏమంటే, అద్దె-కొనుగోళ్లకై పార్లమెంటు 1972లోనే ఒక చట్టం చేసినది గాని అది ఒక్కనాడైనా అమలులోకి రాలేదు. 2005లో దానిని రద్దు చేసినారు. కనుక మనం చదవక సంతకం చేసిన ఆ సన్నని అక్షరాల కాగితమే ఇక్కడ ముఖ్యశాసనం.

అంతమాత్రాన వారు ఏమి చేసినా చెల్లదు. కండబలం గల మనుషులను పంపి బండి గుంజుకొనుటను 2007లోను, మరల 2011లోను సుప్రీంకోర్టు ఖండించినది. స్వాధీనానికి ముందు ఇచ్చే గడువు, అమ్మకానికి ముందు బాకీ తీర్చుకొనేందుకు చివరి అవకాశం, అమ్మే పద్ధతి, ఇవన్నీ ఒప్పందంలో వ్రాయబడి ఉండవలెనని రిజర్వు బ్యాంకు నియమం.

తండ్రి అప్పు కుమారుడు తీర్చవలెనా? పితృఋణం ధర్మమని మన పెద్దల మాట. ఆ ధర్మం ఆధారంగా మాత్రమే కొడుకును బాధ్యుని చేయరాదని 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినారు. వారసుని బాధ్యత తనకు సంక్రమించిన ఆస్తి మేరకే. అయితే హామీదారుగా సంతకం చేసినవారి సంగతి వేరు; 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం వారి బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. కాగితాలు తెప్పించి చూడగా మా వదినగారి సంతకం ఆ గడిలోనే ఉన్నది. ఎప్పుడు పెట్టినదో ఆమెకు జ్ఞాపకం లేదు. ఆ రాత్రి ఆ ఇంట ఎవరూ అన్నం తినలేదు.

బండి తిరిగి ఇవ్వక తప్పదనుకుంటే ముందు ఫైనాన్సు సంస్థకు మరణపత్రం నకలుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం వ్రాయవలె. అప్పగించేనాడు రసీదు తీసుకొనవలె. అందులో తేదీ, వేళ, బండి తిరిగిన కిలోమీటర్లు, టైర్లు, బ్యాటరీ, స్టెప్నీ, తాళాల సంఖ్య ఉండవలె. నాలుగు వైపుల నుండి ఫోటోలు తీయుట నేడు కష్టం కాదు. ఖాళీ కాగితాలపై, ఖాళీ ఫారాలపై సంతకం చేయరాదు. అమ్మగా వచ్చిన సొమ్ము ఎంత, మిగిలిన బాకీ ఎంత అన్న లెక్కను వ్రాతమూలకంగా కోరవలె.

రవాణా శాఖను మరచుట మరొక పొరపాటు. యజమాని మరణించిన 30 దినాలలో వారికి తెలియజేస్తే వారసులు మూడు నెలలు బండిని నడుపుకొనవచ్చు. ఆ మూడు నెలలలోగా 31వ నమూనాలో పేరు మార్పిడికి దరఖాస్తు చేయవలె. సీ బుక్కులో పేరు మారని బండి ప్రమాదం చేస్తే పరిహారభారం రికార్డులోని యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు. షోరూము మూలనున్న బండిని ఎవరో తోలుకొనిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకొనుటకే మాకు భయం వేసినది.

ఫైనాన్సు సంస్థ 30 దినాలలో సమాధానమివ్వకున్నా, ఇచ్చినది తృప్తికరంగా లేకున్నా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా పోవచ్చు. 2019 చట్టం వలన మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. లారీ వ్యాపారపు వస్తువు గదా అని కొందరు సందేహిస్తారు. స్వయంఉపాధితో జీవనం కోసమే నడుపుకొనే బండి అయితే ఆ చట్టం అడ్డు చెప్పదు.

మా వారి కథలో మలుపు మరొక చోట వచ్చినది. అప్పు ఖాతా వివరం తెప్పించి మొదటి పుట నుండి చదువగా, అప్పు ఇచ్చిననాడే బీమా ప్రీమియం కింద కొంత సొమ్ము మినహాయించినట్లు ఒక పంక్తి కనబడినది. అది అప్పు తీసుకున్నవాని ప్రాణంపై చేసిన బీమా. అన్నగారు ఇంట ఎన్నడూ చెప్పలేదు. ఆయనకైనా తెలుసునో లేదో. నోటీసు పంపిన గుమాస్తాలూ చెప్పలేదు. మరణపత్రం, ఆసుపత్రి కాగితాలు పంపిన నాలుగు నెలలకు అసలు బాకీ బీమా నుండి జమ అయినది. అపరాధ రుసుముపై రెండు ఉత్తరాలు నడిచిన పిదప దానినీ కొట్టివేసినారు. అప్పు తీరినట్లు 35వ నమూనా పత్రం వచ్చినది. ఆలస్యానికి కొంత చెల్లించి సీ బుక్కును వదినగారి పేరున మార్పించినారు.

అబ్బాయి కొత్త బ్యాటరీ వేయించి బండిని ఇంటికి తోలుకొని వచ్చాడు. ఇప్పుడు మరల పలకల బాడుగలకు పోతున్నాడు. స్టెప్నీ మాత్రం ఇంతవరకు దొరకలేదు.