హైదరాబాదులో ఆదిమ భూమి, జీవావిర్భావ పరిశోధనలు

హైదరాబాదు తూర్పు భాగాన, తార్నాక నుండి ఉప్పల్ వెళ్ళే దారిలో రెండు కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలు చేరువలో ఉన్నాయి. ఎన్.జి.ఆర్.ఐ.గా పిలువబడే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లోను, సి.సి.ఎం.బి.గా పిలువబడే కణ, అణుజీవశాస్త్ర కేంద్రం 1977లోను ఏర్పడ్డాయి. భూమిపై జీవం ఎప్పుడు, ఎలా మొదలైనదన్న ప్రశ్నను మొదటి సంస్థ శాస్త్రవేత్తలు రాళ్ళలోను, రెండవ సంస్థ వారు ఆకాశంలోను వెదికారు.

రాళ్ళలో ఆధారాలు

భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. హైదరాబాదు చుట్టూ కనిపించే గ్రానైటు గుట్టలు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటివి. అయితే ఇవి కరిగిన శిలాద్రవం భూగర్భంలో గడ్డకట్టగా ఏర్పడినవి కనుక వీటిలో శిలాజాలు ఉండవు. జీవపు జాడలకు నీటి అడుగున పేరుకున్న శిలలు కావాలి. అటువంటివి కర్ణాటకలోని ధార్వార్ శిలలలో లభిస్తాయి.

ఈ శిలలపై విశేష కృషి చేసినవారు ఎన్.జి.ఆర్.ఐ.కి చెందిన సయ్యద్ మహమూద్ నఖ్వీ. ఆయనకు 1983లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది. 1987లో జాన్ రోజర్స్‌తో కలిసి భారతదేశపు ప్రీకేంబ్రియన్ భూవిజ్ఞానంపై గ్రంథం ప్రచురించారు. అదే సంవత్సరం, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన బి.ఎస్.వెంకటాచల తదితరులతో కలిసి, బళ్ళారి సమీపాన సండూరు శిలలలోని చెర్ట్ అనే చెకుముకి జాతి రాతిలో సయనోబాక్టీరియా శిలాజాలను గుర్తించినట్లు ప్రకటించారు. ఈ ప్రాంతంలో స్ట్రొమటోలైట్లు కూడా ఉన్నాయి. సూక్ష్మజీవుల పొరలపై మట్టి, సున్నం పేరుకొని పొరలుపొరలుగా గట్టిపడిన నిర్మాణాలివి. ఇంత పాత రాతిలో సూక్ష్మశిలాజాన్ని నిర్ధారించడం సులభం కాదు, ఖనిజాలు కూడా కణాలను పోలిన ఆకారాలలో పెరుగుతాయి.

సండూరు శిలల కాలానికే, అనగా సుమారు 270 కోట్ల సంవత్సరాల క్రితానికే, జీవం పాతబడినది. అంతకు ముందరి తొలి 50 కోట్ల సంవత్సరాల శిలలు ప్రపంచమంతటా దాదాపు మిగలలేదు.

బెలూన్ ప్రయోగాలు

జీవం అంతరిక్షం నుండి వచ్చిందని ఫ్రెడ్ హోయల్, చంద్ర విక్రమసింఘే వాదించారు. నిజమైనా, ఇది జీవం పుట్టిన చోటును మారుస్తుందే గాని ఎలా పుట్టినదో చెప్పదు. దీనిని పరీక్షించడానికి జయంత్ నార్లికర్ నాయకత్వంలో ఇస్రో సహాయంతో ప్రయోగాలు జరిగాయి. బెలూన్లను ఎగరవేసినది నాచారానికి ఉత్తరాన ఈ.సి.ఐ.ఎల్. ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ నడిపే జాతీయ బెలూన్ కేంద్రం నుండి.

2005 ఏప్రిల్ 20న ఎగరవేసిన బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకెళ్ళింది. గాలి తీసివేసి, క్రిమిరహితం చేసిన 16 ఉక్కు గొట్టాలను ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. కవాటం తెరవగానే లోనికి వచ్చిన గాలి ఆ చలికి గడ్డకట్టి, మరింత గాలిని లోనికి లాగుతుంది. 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులో సేకరించిన ఈ నమూనాలను సి.సి.ఎం.బి.లో ఎస్.శివాజీ బృందం, పుణెలో మరొక బృందం వేరువేరుగా పరీక్షించాయి. మొత్తం 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. వీటిలో 3 బాక్టీరియా కొత్త జాతులని 2009లో ఇస్రో ప్రకటించింది. వాటికి హోయల్, ఇస్రో, ఆర్యభటుల పేర్లు పెట్టారు. ఇవి తమ దగ్గరి జాతులకంటే అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి.

ఈ ఫలితం అంతరిక్ష మూలాన్ని నిరూపించదని ఆ ప్రకటనలోనే ఉన్నది. పత్రికల శీర్షికలలో ఈ మాట అంతగా కనిపించలేదు. జన్యుపరంగా ఇవన్నీ భూమిపై బాక్టీరియాకు దగ్గరి బంధువులే. అంతకు ముందు ఇటువంటి నమూనాల నుండి శివాజీ బృందం 2006లో వర్ణించిన బాసిల్లస్ స్ట్రాటోస్ఫెరికస్ అనే జాతి ఆ తరువాత ఇంగ్లాండులో వేర్ నది ముఖద్వారపు నీటిలో కూడా దొరికింది. ఆర్యభటుని పేరు పెట్టిన జాతిని సోయా చిక్కుడు వేళ్ళ చుట్టూ ఉండే మట్టిలో కనుగొన్నారు.