భావప్రసార శాస్త్రం: పట్టభద్ర స్థాయిలో ఒక పరిశీలన

మానవుడు సంఘజీవి. సంఘమనగా ఒకచోట గుమిగూడిన జనం మాత్రమే కాదు. ఒకరి మాట ఒకరు వినే, నమ్మే, అవసరమైనచోట సందేహించే జనం. ఆ మాట ఎట్లా పుడుతుంది, ఏ దారిన పయనిస్తుంది, వినేవారి మనస్సులో ఎట్టి మార్పు తెస్తుంది అనే ప్రశ్నలను క్రమబద్ధంగా విచారించే విద్యయే భావప్రసార శాస్త్రం. మన కళాశాలలలో దీనికి ‘మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం’ అనే పేరు వాడుకలో ఉన్నది. ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థినీ విద్యార్థులలో ఈ చదువుపై ఆసక్తి కనబడుతున్నది; వారి తల్లిదండ్రులలో అంతకంటె ఎక్కువగా సందేహం కనబడుతున్నది. పిల్లలను టెలివిజన్ తెర ఆకర్షిస్తుంటే, పెద్దలను ఉద్యోగపు బెంగ వేధిస్తున్నది. ఈ రెండింటి నడుమ అసలు ఈ విద్య ఏమిటన్న ప్రశ్న మరుగున పడిపోతున్నది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ద్వారా మేము తలపెట్టిన పని.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. శ్రోతను ఒప్పించే ప్రసంగ కళను గూర్చి అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దిలోనే గ్రంథం రచించాడు. పత్రికారచన బోధించడానికి 1908లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్యాలయం వెలసింది. అవిభక్త భారతదేశంలో 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయం, స్వాతంత్ర్యానంతరం 1954లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం జర్నలిజం శాఖలను నెలకొల్పాయి. చిరకాలం ఉస్మానియాలో ఇది పట్టం పుచ్చుకొన్న తరువాత చదివే చదువుగానే ఉండేది. ఒక డిగ్రీ చేతనుండగా మరొక ఏడాది జర్నలిజం అభ్యసించేవారు. ఇప్పుడు అదే విద్య బి.ఏ.లో భాగంగా లభిస్తున్నది. మూడేండ్లలో ముగించవచ్చు, 2020 నాటి జాతీయ విద్యావిధానం నాలుగవ ఏడు కూడా చదివి ఆనర్స్ పట్టం పొందే మార్గం చూపింది. ఈ మార్పు వలన ఒక లాభమూ, ఒక ప్రమాదమూ ఉన్నవి. పిన్నవయస్సులోనే అభ్యాసం ఆరంభం కావడం లాభం. చెప్పవలసిన విషయం తెలియకుండానే చెప్పే విధానం మాత్రం నేర్చుకోవడం ప్రమాదం. దీనిని మళ్లీ ప్రస్తావిస్తాం.

ఈ శాస్త్రానికి ప్రవేశద్వారం వంటిది 1948లో హెరాల్డ్ లాస్‌వెల్ అనే అమెరికన్ పండితుడు ప్రతిపాదించిన ప్రశ్నావళి. ఏ సందేశాన్నయినా ఐదు విధాల పరిశీలించాలన్నాడాయన: చెప్పేది ఎవరు? చెప్పేది ఏమిటి? ఏ సాధనం ద్వారా? ఎవరికి? ఫలితమేమిటి? ఇవి చూపునకు సులభమైన ప్రశ్నలే. వీటిని విస్మరిస్తే ఎంతటి నష్టం కలుగుతుందో, పాటిస్తే ఎంతటి మేలు జరుగుతుందో తెలుసుకొనడానికి మన దేశపు పోలియో నిర్మూలన చరిత్రను మించిన పాఠం లేదు.

మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం 1995లో ఆరంభమైంది. మందు ఉచితం, వేయించుకొనడం సులభం. ప్రకటనలు ఊరూరా మార్మోగాయి. అయినను 2002లో దేశంలో దాదాపు 1,600 మంది పిల్లలు ఆ వ్యాధి బారిన పడ్డారు; వారిలో అత్యధికులు ఉత్తరప్రదేశ్ వారు. ఆ రాష్ట్రపు పశ్చిమ జిల్లాలలో, ముఖ్యంగా నిరుపేద ముస్లిం వాడలలో, ఆ చుక్కలు వేయిస్తే పిల్లలు పెద్దయ్యాక సంతానం కలుగదన్న వదంతి వ్యాపించింది. తలుపులు మూతపడ్డాయి. అక్కడ సమాచారం లోపించలేదు, లోపించినది విశ్వాసం. తమ వాడలో మురుగు కాలువ బాగుచేయడానికి రాని ప్రభుత్వం చుక్కలమందుతో మాత్రం మాటిమాటికీ వస్తున్నదేమని ప్రజలు శంకించారు.

అప్పుడు జరిగినదేమి? సందేశం మారలేదు, చెప్పేవారు మారారు, సాధనం మారింది. యూనిసెఫ్ తోడ్పాటుతో ఏర్పడిన ప్రచారవ్యవస్థ ఆయా వాడల స్త్రీలనే కార్యకర్తలుగా తీసుకొన్నది. ఇరుగుపొరుగు స్త్రీ ఇంటిలోనికి వచ్చి కూర్చుండి, తల్లి సందేహం చివరిదాకా విన్నది. ఇమాములు మస్జిదు మైకులలో ప్రకటించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటి విద్యాసంస్థలు చేయూతనిచ్చాయి. ‘బులావా టోలీ’ అనే పేరుతో చిన్నపిల్లల జట్లు ఇంటింటికీ పోయి తోటి పిల్లలను పిలుచుకొని వచ్చాయి. మెరుగైన టీకా, వైద్యసిబ్బంది శ్రమ కూడా దీనికి తోడయ్యాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదు కాగా, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. లాస్‌వెల్ ప్రశ్నలలో ‘ఎవరు’, ‘ఏ సాధనం’ అన్న రెండింటికీ సరైన సమాధానం దొరకడం వలన ఎందరో పిల్లల కాళ్లు నిలిచాయి. భావప్రసారం ఒక అలంకారవిద్య కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక డిగ్రీలో బోధించేదేమిటి? విశ్వవిద్యాలయాన్ని బట్టి కొద్దిపాటి భేదాలున్నా, స్థూలంగా నాలుగు భాగాలు కనబడతాయి. మొదటిది సిద్ధాంతం, పత్రికల చరిత్ర. రెండవది రచనాభ్యాసం: వార్తాసేకరణ, ముఖ్యాంశాన్ని ముందుంచే వార్తారచన, ఇతరుల రచనను దిద్దే ఎడిటింగ్, రేడియో టెలివిజన్ రచన, ఇంటర్నెట్ మాధ్యమం. మూడవది వాణిజ్య ప్రకటనలు, పౌరసంబంధాలు. నాలుగవది చట్టం, నీతి. ఈ నాలుగవ భాగాన్ని విద్యార్థులు పరీక్ష కొరకు కంఠస్థం చేసి మరచిపోతుంటారు. అది తగదు. మన రాజ్యాంగంలో పత్రికాస్వేచ్ఛ అనే మాట ప్రత్యేకించి లేదు. 19వ అధికరణంలోని వాక్స్వాతంత్ర్యం నుండే అది లభిస్తున్నది. అనగా పత్రికారచయితకున్న స్వేచ్ఛ సామాన్యపౌరుని స్వేచ్ఛయే. దానికి గల పరిమితులూ అవే. 1867 నాటి పత్రికల చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రతి పౌరునికీ అందుబాటులో ఉన్నది. ఒక దరఖాస్తు సక్రమంగా వ్రాయగల విద్యార్థి తన ఊరి చెరువు మరమ్మతుకు ఎంత ఖర్చయినదో తెలుసుకొనగలడు. తరగతిలో నేర్చిన చట్టం ఊరికి పనికి రావడమంటే ఇదే.

మన ప్రాంతానికీ ఈ శాస్త్రంలో ఒక అధ్యాయమున్నది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు విద్యాప్రసారాలందించిన ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అక్కడ గ్రామం వినేది, నగరం చెప్పేది. 2008లో జహీరాబాదు సమీపాన మాచనూరులో ఆరంభమైన సంగం రేడియోలో ఆ వరుస మారింది. దళిత స్త్రీలే తమ పంటలను, పాటలను, కష్టసుఖాలను తమ యాసలో రికార్డు చేసి ప్రసారం చేశారు. వినే గ్రామమే చెప్పే గ్రామమైంది.

మన విద్యార్థులకు ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఇంటిసొత్తు. ఈ చదువులో దానిని మించిన మూలధనం లేదు. ఒక చిన్న ఉదాహరణ చూపుతాం. ఉర్దూ వార్తలలో ‘దావా కియా’ అంటే సాధారణంగా ‘గట్టిగా చెప్పాడు’ అని అర్థం. తెలుగులో ‘దావా వేశాడు’ అంటే కోర్టుకెక్కాడని అర్థం. రెండు భాషలూ సగం సగం తెలిసినవాడు ఒక రాజకీయ ప్రకటనను న్యాయస్థానపు వ్యాజ్యంగా మార్చివేయగలడు! రెండూ చక్కగా వచ్చినవాడు ఇరువురు పొరుగువారి నడుమ అపార్థం పుట్టకుండా కాపాడగలడు. మన చరిత్రలోనూ ఈ రెండు భాషల పత్రికలు ధైర్యానికి ఆనవాళ్లు. నిజాం రాజ్యంలో తెలుగు గొంతుగా సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. సంస్థానం భారతదేశంలో చేరాలని ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో నిర్భయంగా వ్రాసిన సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదు వీథిలో హత్యకు గురయ్యాడు. వ్రాసిన మాటకు వెల ఉంటుందని ఆ యువకుని జీవితం చెబుతున్నది.

తల్లిదండ్రుల సందేహానికి సూటిగా సమాధానం చెప్పవలసి ఉన్నది. ఈ పట్టం ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. పెద్ద దినపత్రికలు కొన్ని తమ సొంత పరీక్షలు, శిక్షణ తరగతులు నడుపుతున్నవి. అందులో చరిత్ర చదివినవారూ, విజ్ఞానశాస్త్రం చదివినవారూ పోటీ పడవచ్చు. తొలి జీతాలు ఆశించినంత ఉండకపోవచ్చు. కాని అనువాదం, పౌరసంబంధాలు, ఆరోగ్యప్రచారం, స్వచ్ఛందసంస్థలు, వార్తల సత్యాసత్య పరిశీలన, ఉపాధ్యాయవృత్తి అనే దారులు కూడా ఉన్నవి. పై చదువులకు ఉస్మానియా, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉర్దూ మాధ్యమంలో 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మన చేరువలోనే ఉన్నవి.

కనుక ఈ చదువు కోరుకొనే వారికి మా మనవి మూడు మాటలు. జర్నలిజానికి జతగా చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రాలలో ఒకదానినైనా శ్రద్ధగా చదవండి. చెప్పవలసిన విషయం అక్కడ దొరుకుతుంది. రెండు లిపులలోనూ కంప్యూటరుపై తప్పులు లేకుండా వ్రాయడం మొదటి ఏడాదిలోనే అలవరచుకొనండి. మూడేండ్లు ముగిసేసరికి మార్కుల పట్టికతోపాటు మీరు స్వయంగా వెళ్లి, విచారించి, వ్రాసిన పది వ్యాసాలైనా చేతనుండాలి.

నేడు ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది, ప్రతివాడూ ప్రచురణకర్తయే. వచ్చిన మాటను మరొకరికి పంపే ముందు ‘చెప్పినదెవరు, ఆధారమేమిటి’ అని నిలిచి అడిగేవారు మన ఊళ్లకు, మన వాడలకు అవసరం. అట్టివారిని తయారు చేయగలిగినప్పుడే ఈ పట్టానికి సార్థకత.