మంచము పట్టిన వృద్ధులు - చట్టము

ఇంటికి పెద్దదిక్కుగా నున్నవారే మంచము పట్టినచో వారికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు మన చట్టము చెప్పుచున్న సమాధానమును, చెప్పక విడిచిన భాగమును శ్రోతలకు తెలుపుటయే మా యుద్దేశము.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమములకై 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దానిని అమలుపరచు బాధ్యత రాష్ట్రములది. ఆంధ్రప్రదేశ్ నియమములు 2011లో వెలువడినవి. సొంత సంపాదనతోగాని ఆస్తితోగాని జీవనము సాగించుకొనలేని వృద్ధులు ఆర్.డి.ఓ. అధ్యక్షతనుండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. పిల్లలు చెల్లింపవలసిన భరణమునకు నెలకు 10,000 రూపాయలు పరిమితి. తిండి, బట్ట, నివాసములతోపాటు వైద్యము కూడ ఈ భరణములో చేరియున్నది.

ఈ చట్టములోని 20వ సెక్షను ఆసుపత్రులకు సంబంధించినది. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు వీలైనంతవరకు పడకలు లభింపవలెను. వారికి వేరుగా వరుస యుండవలెను. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను, వృద్ధుల వైద్యమున అనుభవముగల వైద్యాధికారి పర్యవేక్షణలో, ప్రత్యేక సదుపాయము లుండవలెను. వరుసలో నిలువలేక వెనుదిరుగు వృద్ధురాలు ఈ సంగతి నెరిగియుండుట అవసరము. 2024 అక్టోబరు నుండి, 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్సకు ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అవకాశము కల్పింపబడినది.

ఇదంతయు ఆసుపత్రి గడపవరకే. తుంటి యెముక విరిగి యిల్లు చేరినవారిని ప్రక్కకు ఒత్తిగిల్లజేయుట, ఒంటికి పుండ్లు పడకుండ చూచుట, స్నానము చేయించుట, వేళకు మందిచ్చుట - ఇవి నెలల తరబడి సాగు పనులు. పిల్లలు దూరమున నున్న యిండ్లలో ముసలి భార్యయే ముసలి భర్తను లేవనెత్తవలసి వచ్చుచున్నది. ఆమెకు డబ్బు చాలదు, చేయిసాయము కావలెను. దిక్కులేని పేద వృద్ధులకు జిల్లాకొకటి చొప్పున, కనీసము 150 మందికి సరిపడు ఆశ్రమములను నెలకొల్పవచ్చునని చట్టమున నున్నది. ఇల్లుండియు సాయము లేనివారి మాట అందులో లేదు.

ఈ లోపమును కొంత తీర్చుటకే, ఇంటివద్ద అందించు సేవలను చట్టములో చేర్చుచు, 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు ప్రవేశపెట్టబడినది. అది ఆమోదము పొందకమునుపే 2024లో సభ రద్దగుటతో మురిగిపోయినది.

శిక్షణ పొందిన నర్సు వారమున కొకమారు వచ్చి చూచినను, ఎన్నో కుటుంబములు తెప్పరిల్లును. ఆ యేర్పాటు చట్టముచే సిద్ధించువరకు, ఉన్న హక్కులనైనను వినియోగించుకొందము. సలహాకు, సహాయమునకు 14567 నంబరుకు ఉచితముగా టెలిఫోను చేయవచ్చును. చదువురాని యిరుగుపొరుగు వృద్ధులకు ఈ నంబరును వ్రాసి యిండని శ్రోతలను కోరుచున్నాము.