బరువు మోసే రోబో: మోటారు, గేరుపెట్టెల ఎంపిక

ఎద్దుల బండి మిట్ట ఎక్కేటప్పుడు కావలసింది వేగం కాదు, బలం. బరువులు మోసే చక్రాల రోబోకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. విద్యుత్ మోటారు అతి వేగంగా తిరుగుతుంది. కాని దాని తిప్పుడు బలం, అనగా టార్కు, స్వల్పం. గేరుపెట్టె ఆ వేగాన్ని తగ్గించి టార్కును పెంచుతుంది.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. సరుకుతో కలిపి 200 కిలోగ్రాములున్న రోబో, పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే వాలును ఎక్కాలి. ఇందుకు దాదాపు 195 న్యూటన్లు, చక్రాల ఘర్షణకు మరో 45 న్యూటన్లు కావాలనుకొందాం. మొత్తం 240 న్యూటన్లు. చక్రపు వ్యాసార్ధం 0.1 మీటరు కనుక కావలసిన టార్కు 24 న్యూటన్-మీటర్లు. రెండు మోటార్లుంటే చెరి 12. గేరు నిష్పత్తి 30:1 అయితే ఒక్కొక్క మోటారు ఇవ్వవలసింది 0.4, గేర్లలో ఐదవ వంతు శక్తి నష్టమైతే 0.5 న్యూటన్-మీటరు.

కదలిక ఆరంభానికి, గతుకులు దాటడానికి ఇంతకంటె అధిక సామర్థ్యం అవసరం. బరువుకు తాళలేక మోటారు నిలిచిపోతే విద్యుత్ ప్రవాహం విపరీతమై తీగచుట్టలు కాలిపోతాయి. వాలుపై విద్యుత్తు ఆగితే రోబో వెనుకకు దొర్లి మనుషులను గాయపరచవచ్చు. కావున బ్రేకు తప్పనిసరి. ముందు లెక్క, తరువాతనే కొనుగోలు: ఇదే వివేకవంతుడైన ఇంజనీరు లక్షణం.