టోల్యూయిన్ డ్రమ్ము ముందు గుర్తుకు రావాల్సిన పాఠం

మందుల ఫ్యాక్టరీల్లో కార్మికులకు ఈ-లెర్నింగ్ పాఠాలు తయారుచేయడం నా వృత్తి. పాశమైలారం అయినా, జీడిమెట్ల అయినా, పరవాడ అయినా, పిలిచినవాళ్లు మొదట నా చేతిలో పెట్టేది ఎస్‌ఓపీ. ఒక పని ఎలా చేయాలో వరుసగా రాసిపెట్టిన పత్రం అది. "దీన్ని స్లైడ్లుగా మార్చి, వాయిస్ పెట్టి, చివర పది ప్రశ్నలు వేయండి మేడమ్" అంటారు. అలా చేయడం తేలికే. కానీ ఆ పత్రం తెరవకముందే నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ పనిలో మనిషి ఎక్కడ తడబడుతున్నాడు?

టోల్యూయిన్ సంగతే తీసుకోండి. మందుల తయారీలో బాగా వాడే సాల్వెంట్. దాని ఫ్లాష్ పాయింట్ సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మన దగ్గర చలికాలంలో కూడా దాని ఆవిరి అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. పైగా అది కరెంటును సరిగా పారనివ్వదు. గొట్టంలోంచి పోతున్నప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు పేరుకుపోతుంది. అందుకే డ్రమ్ము మూత తీయకముందే ఎర్తింగ్ క్లాంప్ తగిలించాలి. ఈ మాట ఏ ఆపరేటర్‌ను అడిగినా తడుముకోకుండా చెబుతాడు. తడబాటు అక్కడ లేదు. క్లాంప్ పెయింటు మీద పట్టుకుని ఉంటుంది, దాని పళ్లు లోహానికి తగలవు. దూరం నుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అది రాత్రి షిఫ్టు. బ్యాచ్ లేటయింది. పక్కనున్న హెల్పర్ "ఏమైతదన్నా, రోజూ ఇట్లనే పోస్తున్నం గదా" అంటాడు.

నా పాఠం ఆ క్షణంలోనే మొదలవుతుంది. ఆ ఫ్యాక్టరీలోని డ్రమ్మునే, ఆ క్లాంప్‌నే ఫొటో తీసి తెరమీద పెడతాను. ఇప్పుడు మీరేం చేస్తారు? పోసేస్తారా? క్లాంప్ కదిలించి మళ్లీ తగిలిస్తారా? షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ను పిలుస్తారా? తప్పు జవాబులు కూడా అక్కడి మనుషులు నిజంగా చేసేవే అయ్యుండాలి. ఎవరూ ఎంచుకోని తప్పును పెడితే ప్రశ్న ఉత్తదే. పోసేస్తానన్నవాడికి ఎర్ర గుర్తు వేసి వదలను. కరెంటు భూమిలోకి పోయే దారి ఎక్కడ తెగిందో, రవ్వ ఎక్కడ పుడుతుందో బొమ్మలో చూపిస్తాను. కారణం అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. ఆ సంగతి తెలిసినవాడు ప్రశ్నకు సరిగ్గా జవాబిచ్చి ముందుకు వెళ్లిపోవచ్చు. అనుభవమున్న మనిషిని నెక్స్ట్ బటన్ ముందు బలవంతంగా కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

తెరమీద పేరా పెట్టి, అదే పేరాను గొంతుతో చదివించే అలవాటు ఈ రంగంలో చాలామందికి ఉంది. బొమ్మ, అక్షరాలు, గొంతు మూడూ ఒకేసారి వస్తే మనసు చీలిపోతుందని కాలిఫోర్నియాలోని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చేసి చూపించాడు. బొమ్మ ఉంటే, దాన్ని వివరించే మాట వినిపిస్తే చాలు. ఆ మాట తెలుగులోనే కాదు, హిందీలో, ఒడియాలో కూడా ఉండాలి. మన ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు మోసేవాళ్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అర్థంకాని భాషలో భద్రత నేర్పడం అన్యాయం.

ఇక జ్ఞాపకం సంగతి. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని నేను ప్రతి మేనేజర్‌కూ చెబుతాను. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మిగిలినవాళ్లు ఒక్కసారే చదివి, గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తారుమారైంది. చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. అందుకే పాఠం అయిన వెంటనే పెట్టే పరీక్షను నేను పెద్దగా నమ్మను. రెండు రోజులకు ఒక ప్రశ్న, వారానికి ఒకటి, నెలకు మరొకటి, ప్రతిసారీ కొత్త సందర్భంతో పంపిస్తాను.

మామూలు సెల్‌ఫోన్‌ను సాల్వెంట్లున్న చోటికి తీసుకెళ్లకూడదు. కాబట్టి షిఫ్టు మొదలయ్యే ముందు ట్రైనింగ్ రూములో ట్యాబ్, ఇయర్‌ఫోన్లు పెట్టిస్తాను. పాఠం అయిదారు నిమిషాలు దాటదు. తర్వాత అసలు క్లాంప్‌ను చేతికిచ్చి, పాత ఆపరేటర్ దగ్గరుండి తగిలింపజేయాలి. పట్టు కుదిరిందో లేదో చేతికి తెలియాలి, తెర ఆ పని చేయలేదు.

పాఠం ఎవరు తెరిచారు, ఎవరు పూర్తిచేశారు, ఎన్ని మార్కులు వచ్చాయి అన్నది సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంది. ఆడిట్‌కు అది కావాలి, కాదనను. కానీ శిక్షణను ఎలా కొలవాలో 1959లోనే డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ నాలుగు మెట్లుగా చెప్పాడు: నేర్చుకునేవాళ్లకు ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మారింది, సంస్థకు ఏం ఒరిగింది. చాలాచోట్ల మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతారు. పాఠమైన నెలకు సేఫ్టీ ఆఫీసర్‌ను వెంటబెట్టుకుని, ముందుగా చెప్పకుండా, రాత్రి షిఫ్టులో వెళ్లి క్లాంపులు చూసొస్తాను. ఇంకా పెయింటు మీదే ఉంటే కార్మికుణ్ణి అనను, కారణం వెతుకుతాను. ఒక్కోసారి క్లాంప్ పళ్లు అరిగిపోయి ఉంటాయి. దానికి ఇంకో పాఠం అక్కర్లేదు, కొత్త క్లాంప్ కొనాలి. ఒప్పందం రాసుకునేటప్పుడే ఇంకొకటి అడుగుతాను: పాఠానికి పట్టే సమయం డ్యూటీ గంటల్లో కలవాలి, కాంట్రాక్టు కార్మికులకు కూడా.